4600 ఏళ్ల కిందటి నీలం టైల్స్ వెనకాల ఆ బెజ్జం ఎందుకు? మా నాన్న అడుగుతున్నారు

గాజువాక_శైలు

అందరికీ నమస్తే అండి. మాది వైజాగ్, గాజువాక. మా నాన్న టైల్స్ మేస్త్రి, కుర్రతనంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చేసి ముప్ఫై ఏళ్ల పైనుంచీ ఇదే పని. నేను బీకాం చేసి ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తున్నా. చరిత్ర చదువుకోలేదు గాని ఈజిప్ట్ అంటే చిన్నప్పట్నుంచీ పిచ్చి ఇష్టం, రాత్రిళ్లు ఫోన్‌లో మ్యూజియంల ఫోటోలు చూస్తూ కూర్చుంటా.

మొన్న ఆదివారం అలా చూస్తుంటే సక్కారాలో జోసర్ రాజు మెట్ల పిరమిడ్ కింద గదుల్లో గోడలకి వేసిన నీలం టైల్స్ కనపడ్డాయి. చాలా చిన్నవి, పొడుగు 6 సెంటీమీటర్లు వెడల్పు 4 ఉంటుందేమో, అగ్గిపెట్టెకి కాస్త ఎక్కువ. రంగు మాత్రం అబ్బా, రుషికొండ దగ్గర ఎండ బాగా కాసిన రోజు మధ్యాహ్నం సముద్రం ఒడ్డుకి దగ్గర్లో ఎలా ఉంటుందో అచ్చం అలా, నీలం అనాలో ఆకుపచ్చ అనాలో తెలీదు. నాన్న అన్నం తింటుంటే చూపించా. ముందు వైపు ఒక్కసారి చూసి "బావుంది, ఎనకాల ఎలాగుంటాదో చూపించమ్మా" అన్నారు. నేను ముప్ఫై ఫోటోలు చూశా గాని నాకు ఒక్కసారి కూడా ఆ ఆలోచన రాలేదు.

వెతికితే వెనక వైపు ఫోటో కూడా దొరికింది. ముందు వైపు కొంచెం ఉబ్బుగా ఉంది, వెనక చదునుగా ఉండి మధ్యలో చిన్న దిమ్మలా లేచి ఉంది, ఆ దిమ్మకి ఈ పక్కనుంచి ఆ పక్కకి బెజ్జం. నాన్న చెయ్యి కూడా కడుక్కోకుండా ఆ ఫోటోనే చాలాసేపు చూశారు. తర్వాత వరసగా అడగడం మొదలెట్టారు, అందులో తాడు పోనిచ్చేరా తీగ పోనిచ్చేరా, వెనకాల మెత్తింది సిమెంటు కాదు కదా మరి ఏటది, మట్టి టైల్‌కి ఆ రంగు ఎలా పట్టింది, అన్ని వేల ఏళ్లు ఎలా ఊడకుండా ఉన్నాయి అని. నాకు ఒక్కదానికీ జవాబు తెలీదు.

ఆయన ఎందుకు అంతలా పట్టించుకున్నారంటే, బీచ్ వైపు అపార్ట్‌మెంట్లలో బయట గోడకి వేసిన టైల్స్ ఉప్పుగాలికీ ఎండకీ నాలుగైదేళ్లకే లేచిపోతుంటాయి. ఈ మధ్య ఒక చోట వేరేవాళ్లు వేసిన పని సరిచెయ్యమని పిలిస్తే వెళ్లారు, కర్రతో తట్టి చూస్తే సగం గోడ డొల్ల శబ్దమే వచ్చిందట. ఆ బాధ మనసులో ఉండగా ఈ ఫోటో కనపడింది. తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి, నేను చదివి వినిపిస్తా.

ఎంవీపీ_హిస్టరీ_మాష్టారు

అమ్మా శైలూ, ముందుగా మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు. నేను ముప్ఫై రెండేళ్లు పిల్లలకి చరిత్ర చెప్పి రిటైరయ్యాను, ఈ టైల్స్ బొమ్మ క్లాసులో ఎన్నో సార్లు చూపించాను, వెనకాల ఎలా ఉంటుంది మాష్టారూ అని ఒక్క పిల్లవాడూ అడగలేదు.

జోసర్ మూడో వంశం రాజు, కాలం సుమారు క్రీ.పూ. 2650. ఆయన పిరమిడ్ కట్టిన ఘనత ఇమ్హోతెప్ అనే మంత్రికి చెప్తారు. రాయితో అంత పెద్ద కట్టడం ఈజిప్టులో అదే మొదలు, అది గుర్తు పెట్టుకుంటే టైల్స్ సంగతి కూడా అర్థమవుతుంది. పిరమిడ్ కింద 28 మీటర్ల లోతు బావి లాంటిది తవ్వి, దాని చుట్టూ సొరంగాలు, గదులు. ఆవరణలో దక్షిణం వైపు ఇంకో సమాధి ఉంది, దాని కింద కూడా ఇలాంటివే గదులు. ఈ రెండు చోట్లా కలిపి 36,000 పైన టైల్స్ అని లెక్క చెప్తారు. అన్నీ చేత్తో చేసినవే, ఒక్కోదాని వెనకాలా ఆ దిమ్మ, ఆ బెజ్జం.

బెజ్జంలో పోనిచ్చింది తాడు. ఒక వరసలో టైల్స్‌ని తాడుకి గుచ్చి గోడకి పట్టించి వెనకాల జిప్సం పేస్టు మెత్తేవారు. ఈజిప్టులో ఆ రోజుల్లో సున్నం గార వాడుక లేదు, జిప్సాన్ని కాల్చి పొడి చేసి నీళ్లు కలిపి వాడేవారు. మనం ఇప్పుడు ఫాల్స్ సీలింగ్‌కి వాడే పీఓపీ ఉంది చూశావూ, వస్తువు అదే.

ఇప్పుడు అసలు విషయం. అవి టైల్స్ లాగా కనపడాలని వేసినవి కావు, చాపలు లాగా కనపడాలని వేసినవి. అప్పటి రాజుల ఇళ్లు పచ్చి ఇటుకలతో కట్టినవి, లోపల గోడలకి రెల్లు చాపలు వేలాడదీసేవారు. రాజు చనిపోయాక కింద ఉండబోయే ఇల్లు కూడా అలాగే ఉండాలి, కాని చాప చివికిపోతుంది కదా, అందుకని చాపని నీలం పలకలతో కట్టారు. నువ్వు గమనించావే, ముందు వైపు కాస్త ఉబ్బుగా ఉందని, అది రెల్లు కట్టల గుండ్రం. వరసల మధ్య అక్కడక్కడ రాయి పట్టీలు ఉంటాయి, అవి చాప అల్లిన తాళ్లన్నమాట. మన పల్లెల్లో తుంగ చాపలు నేసేవాళ్లని చూసుంటే ఆ వరసలు ఇట్టే పోల్చుకుంటావు. ఈజిప్ట్ పపైరస్ కూడా తుంగ జాతి మొక్కే. ఇక రంగు సంగతంటావా, పచ్చని మొక్క, నీళ్లు, మళ్లీ పుట్టడం, వాళ్లకి ఇవన్నీ ఆ ఒక్క రంగులోనే ఉన్నాయి.

ఆ గదుల్లో రాజు పరిగెత్తుతున్నట్టు, కొన్నిట్లో నిలబడినట్టు చెక్కిన రాతి పలకలు కూడా ఉన్నాయి, పిరమిడ్ కింద మూడు, దక్షిణ సమాధిలో మూడు. రాజ్యం ఏలే సత్తా ఇంకా ఉందని చూపించే పండగలో పరుగు అది. అంత లోతున ఎండ అన్నదే పడదు, నూనె దీపం పట్టుకుని దిగితే ఆ నీలం గోడ ఎలా మెరిసి ఉంటుందో ఊహించుకుంటేనే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ పదార్థానికి వాళ్లు పెట్టుకున్న పేరు కూడా చెహెనెత్, మెరిసేది అని అర్థం.

పిరమిడ్‌ని మరమ్మతులయ్యాక 2020 మార్చిలో, దక్షిణ సమాధిని 2021లో మళ్లీ జనానికి తెరిచారు. కైరో తహ్రీర్ స్క్వేర్ మ్యూజియంలో ఒక గోడ ముక్క పేర్చి పెట్టారు. బెర్లిన్‌లో కూడా ఒక ద్వారం చుట్టూ ఉన్న టైల్స్ ఉన్నాయి, 1840లలో లెప్సియస్ అనే జర్మన్ పండితుడు పట్టుకెళ్లినవి.

రుషికొండ_రవి

మాష్టారు గారూ చాలా బాగా చెప్పారు, చాప సంగతి నాకు కొత్త. నాకొక డౌట్ అండి, ఇది మట్టి టైల్ మీద నీలం గ్లేజ్, అంటే అద్దంలాంటి పూత, పూసి కాల్చిందేనా లేకపోతే వేరేనా, ఎందుకంటే ఫయాన్స్ అని చోట్ల చోట్ల రాస్తున్నారు, ఇంకో చోట ఫయాన్స్ అంటే ఇటలీ పింగాణీ అని ఉంది. ఇంకోటి, దీన్ని ఇసకతోనే చేసేవారు అని ఎక్కడో చదివాను, అలాగైతే మనకి బీచ్ అంతా ఇసకే కదా, ఇక్కడ ఎవరైనా ట్రై చేశారా?

భీమిలి_కొలిమి

రవి గారూ, ట్రై చేశాను. నాలుగేళ్ల నుంచీ చేస్తూనే ఉన్నాను. భీమిలిలో నాకు చిన్న ఎలక్ట్రిక్ కొలిమి ఉంది, కుండలు కప్పులు చేసి అమ్ముకుంటాను, కాని మనసు పెట్టి చేసేది ఇదే, కాబట్టి కొంచెం పెద్దగా రాస్తా, ఏమనుకోకండి.

ముందు పేరు సంగతి. ఇటలీలో ఫయెంజా అనే ఊరు ఉంది, అక్కడి మట్టి పాత్రలు తెల్లటి గ్లేజ్‌తో రంగురంగులుగా ఉంటాయి. ఈజిప్ట్ నీలం వస్తువుల్ని మొదట చూసిన యూరప్ వాళ్లు ఇవీ అలాంటివే అనుకుని అదే పేరు అంటించేశారు. తప్పు పేరు, కాని అదే నిలిచిపోయింది. ఈజిప్ట్ ఫయాన్స్‌లో మట్టి లేదు. శైలు గారూ, నాన్నగారికి ఇది ముందు చెప్పండి, అది మట్టి టైల్ కాదు, పలుగురాయి పొడి. పాత ముక్కల్ని పరీక్షిస్తే నూటికి 92 నుంచి 99 పాళ్లు సిలికానే, అంటే పలుగురాయిలో ఉండే పదార్థమే, మిగతాది కొంచెం సున్నం, కొంచెం సోడా, రంగు కోసం రాగి.

ఇక రంగు ఎలా పడుతుందో మన వైజాగ్ వాళ్లకి చెప్పడం చాలా తేలిక. మన ఇళ్లల్లో గోడలు ఉప్పు పట్టి తెల్లగా పొడిలా పొంగుతాయి కదా, అదే. గోడలోని తేమ ఆరుతూ లోపలి ఉప్పుని బయటికి తెచ్చి పైన వదిలేసి గాలిలో కలిసిపోతుంది. ఫయాన్స్ ముద్దలో సోడా, రాగి కలిపి ఉంటాయి, టైల్ నీడలో ఆరుతుంటే ఆ సోడా రాగితో సహా పైకి వచ్చి తెల్లగా బూజులా పేరుకుంటుంది. కొలిమిలో పెట్టి 900 డిగ్రీలు, ఆ చుట్టుపక్కల కాలిస్తే ఆ బూజు కరిగి అద్దంలా అయిపోతుంది. అంటే గ్లేజ్ ఎవరూ పూయలేదు, టైల్ తన లోపలి నుంచి తనే తెచ్చుకుంది. పల్లెల్లో బట్టలుతకడానికి చౌడు మట్టి తెచ్చేవారు చూడండి, నేల మీద తెల్లగా పొంగే ఆ చౌడులో ఉండేది కూడా సోడాయే. ఈజిప్ట్ వాళ్లకి ఎండిపోయిన సరస్సుల అడుగున నాట్రాన్ అని దొరికేది, శవాల్ని మమ్మీలు చెయ్యడానికి వాడిందీ అదే, లేకపోతే మొక్కల బూడిద.

రాగి అంటే పెద్ద విషయం కాదు, పాత రాగి బిందెకి పట్టే చిలుము లాంటిదే. కొత్త రాజ్యం అనే కాలం (జోసర్ తర్వాత వెయ్యేళ్లకి పైన) ముక్కల్లో రాగితో పాటు తగరం కూడా కనపడుతోంది, అంటే కంచు తుక్కు నుంచి రంగు తీసేవారని అర్థం. పనివాళ్లు ఏదీ పారెయ్యలేదు. నాకు ఈ వివరం అన్నిటికంటే నచ్చుతుంది.

ఇంకో రెండు పద్ధతులు కూడా ఉన్నాయి. ఒకటి పైన గ్లేజ్ పూయడం, అది అందరికీ తెలిసిందే. రెండోది, వస్తువుని గ్లేజ్ పొడిలో పూర్తిగా పాతిపెట్టి కాల్చడం, చల్లారాక పొడి విదిలిస్తే లోపల నీలం పూస మెరుస్తూ వస్తుంది. ఇరాన్‌లో ఖుమ్ అనే ఊళ్లో గాడిదలకి దిష్టి తగలకుండా కట్టే నీలం పూసల్ని 1960లలో కూడా ఇలాగే చేస్తుంటే పండితులు చూసి రాసుకున్నారు. దిష్టికి నీలం పూస అంటే మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

బీచ్ ఇసక విషయానికొస్తే, వద్దండి. నేనూ మొదట అదే చేశా. మన ఒడ్డున ఇసకలో నల్లగా ఎర్రగా చారలు చూసుంటారు, అవి ఇల్మెనైట్, గార్నెట్ అనే ఖనిజాలు, వాటిలో ఇనుము ఉంటుంది. పైగా గవ్వల పొడి, ఉప్పు. కాలిస్తే మురికి గోధుమ రంగులో ఏదో వచ్చింది, పగిలింది కూడా. తెల్లటి పలుగురాయి పొడి కావాలి, లేదా గూడూరు వైపు అద్దాల ఫ్యాక్టరీలకి వెళ్లే తెల్ల సిలికా ఇసక తెచ్చి మెత్తగా నూరించుకోవాలి.

నేను చేసేది పలుగు పొడి, వాషింగ్ సోడా, తినే సోడా, కొంచెం సున్నం, నూటికి రెండు మూడు పాళ్లు కాపర్ కార్బొనేట్, అంటుకోడానికి కాస్త బెంటొనైట్ అనే జిగురు మట్టి. ముద్ద చేత్తో పడితే చాలా చిత్రంగా ఉంటుంది, ముందు గట్టిగా ఉంటుంది, నొక్కేకొద్దీ జావలా జారుతుంది, వంచబోతే పుటుక్కున చీలుతుంది. అందుకే వాళ్లు అచ్చుల్లో నొక్కేవారు. కొత్త రాజ్యం కాలం రాజు అఖెనాతెన్ రాజధాని అమార్నాలో పెట్రీ అనే ఇంగ్లీషు పురావస్తు పండితుడు 1891-92లో తవ్వితే మట్టి అచ్చులు వేల కొద్దీ దొరికాయి.

ఆరబెట్టేటప్పుడు టైల్‌ని ముట్టుకోకూడదు. నేను మొదట్లో వేలితో జరిపాను, బూజు అక్కడ రాలిపోయి కాల్చాక సరిగ్గా వేలిముద్ర అంత చోట గరుకుగా, రంగు లేకుండా మిగిలింది. గాలి తగిలే వైపు గ్లేజ్ మందంగా వస్తుంది, కింద నేలకి ఆనిన వైపు అసలు రాదు. ఇక్కడే శైలు గారి నాన్నగారి ప్రశ్నకి ఇంకో చిన్న సంగతి ఉంది, టైల్ వెనకాల గ్లేజ్ అక్కర్లేదు, గరుకుగా ఉంటేనే జిప్సం పట్టుకుంటుంది. వెనక వైపు కింద పెట్టి ఆరబెడితే అది దానంతటదే గరుకుగా మిగులుతుంది. వాళ్లు అలాగే చేశారని నేను చెప్పలేను గాని నా బల్ల మీద మాత్రం అలాగే జరిగింది.

మన వానాకాలం దీనికి పనికిరాదు. జులైలో పెట్టిన టైల్స్ వారమైనా ఆరలేదు, బూజు పైకి రాలేదు, కాలిస్తే బూడిద రంగు రాళ్లు వచ్చాయి. జనవరిలో చేసినవి బాగా వచ్చాయి. ఈజిప్ట్‌లో గాలి ఎప్పుడూ పొడిగానే ఉంటుంది కదా, ఈ పని అక్కడ పుట్టి పెరిగిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

ఎవరైనా చెయ్యాలనుకుంటే దయచేసి మంచి మాస్క్ పెట్టుకోండి, పలుగు పొడి ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బయటికి రాదు, పొడి ఎప్పుడూ తడిపి ఉంచండి. కాపర్ కార్బొనేట్ విషం, వంటింటి గిన్నెలు వాడొద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.

రుషికొండ_రవి

గోడకి ఉప్పు పట్టడం ఉదాహరణతో మొత్తం అర్థమైపోయింది అండి, మా ఇంట్లో హాలు గోడ చూస్తుంటే ఇప్పుడు వేరేలా కనపడుతోంది. మన దేశంలో ఇలాంటిది ఉండేదా?

భీమిలి_కొలిమి

ఉండేదండి. హరప్పా, మొహెంజొదారోల్లో ఫయాన్స్ గాజులు, పూసలు బోలెడు దొరికాయి. ఇప్పటికీ జైపూర్ బ్లూ పాటరీ చూడండి, అందులోనూ మామూలు కుండ మట్టి వాడరు, పలుగు పొడి, గాజు పొడి, కాస్త ముల్తానీ మట్టి, బంక. అక్కడా లేత నీలానికి రాగి, ముదురు నీలానికి కోబాల్ట్. రెండిటికీ చుట్టరికం ఉందని అనట్లేదు, పద్ధతి పోలిక అంతే.

పెదవాల్తేరు_లక్ష్మి

ఈ థ్రెడ్ చూసి లాగిన్ అయ్యాను. మాది పెదవాల్తేరు, ఇప్పుడు అబ్బాయి దగ్గర బోస్టన్‌లో ఉంటున్నాం. ఇక్కడి మ్యూజియంలో మెదీనెత్ హాబు నుంచి తెచ్చిన టైల్స్ ఉన్నాయి, నేను వాటి ముందు ఎంతసేపు నిలబడ్డానో మా కోడలు వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాల్సొచ్చింది.

అవి జోసర్ టైల్స్ కంటే దాదాపు పదిహేను వందల ఏళ్ల తర్వాతవి, మూడో రామ్సెస్ కాలం, క్రీ.పూ. 12వ శతాబ్దం. లక్సర్ దగ్గర నైలుకి పడమటి గట్టున ఆయన గుడి, దానికి ఆనుకుని ఒక ప్యాలెస్, ఆ ప్యాలెస్ గుమ్మాల దగ్గర వేసిన పలకలు. ఒక్కో పలక మీద ఒక్కో దేశం మనిషి, లిబియా వాడు, నూబియా వాడు, సిరియా వాడు, హిట్టైట్, అందరూ ఖైదీలే, చేతులు కట్టేసి ఉంటాయి. ఇందాక మీరు చెప్పిన ఒక్క నీలం కాదు, పసుపు, ఎరుపు, నలుపు, తెలుపు, అన్నీ. నూబియా అతని చెవి పోగు కనపడుతుంది, లిబియా అతని ఒంటి మీద పచ్చబొట్లు, సిరియా అతని బట్ట మీద ఎంబ్రాయిడరీ లాంటి పని, ఎంత ఓపికగా చేశారంటే ఆ చీర నాకు కావాలనిపించేంత. మా అమ్మ కుట్టుపని చేసేది, ఆవిడ ఉంటే ఆ అంచు కాగితం మీద గీసుకునేది.

కాని అవి పెట్టింది రాజు వస్తూ పోతూ తన కింద ఎవరెవరు ఉన్నారో చూసుకోడానికి, వచ్చినవాళ్లకి చూపించడానికి. కాంతిర్ అని నైలు డెల్టాలో రెండో రామ్సెస్ ప్యాలెస్ ఉండేది, అక్కడైతే సింహాసనం మెట్ల మీదే ఖైదీల బొమ్మలున్న టైల్స్, రాజు ఎక్కేటప్పుడు వాళ్ల మీద అడుగేసి ఎక్కాలి. అంత అందమైన పనితనం ఒకళ్లని తొక్కడానికి వాడారు, అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు. చేసిన పనివాడు ఆ ముఖాల్ని అంత శ్రద్ధగా చెయ్యకపోయినా రాజు ఏమీ అనడు, అయినా ఒక్కో ముఖం ఒక్కోలా చేశాడు. ఆ మనుషుల్ని ఎక్కడో దగ్గరగా చూశాడని నాకు గట్టిగా అనిపించింది.

అక్కడే ఒక పలక మీద పిట్ట ఉంది, తల మీద కుచ్చు, ముందుకి మనిషి చేతులు చాపి దండం పెడుతున్నట్టు. అదేం పిట్ట, ఎవరికైనా తెలుసా?

ఎంవీపీ_హిస్టరీ_మాష్టారు

లక్ష్మి గారూ, అది తీతువు. మన చెరువు గట్ల మీద తిరిగే తీతువుకి దగ్గర చుట్టం, వాళ్ల దానికి తల మీద కుచ్చు ఉంటుంది. వాళ్ల భాషలో దాన్ని రెఖ్యిత్ అంటారు, ఆ బొమ్మ వేస్తే సామాన్య ప్రజలు అని అర్థం. చేతులు ఎత్తితే మొక్కుతున్నారని, పక్కన నక్షత్రం ఉంటుంది చూడండి, అదీ మొక్కడానికి గుర్తే, కింద బుట్ట లాంటి గిన్నె ఉంటే అందరూ అని. కలిపి చదివితే ప్రజలందరూ రాజుకి మొక్కుతున్నారు అని. అంటే అది బొమ్మ కాదు, వాక్యం. చాలా చోట్ల ఆ పిట్ట రెక్కలు ఒకదాంట్లో ఒకటి మెలేసి వేస్తారు, ఎగరకుండా. మన వైపు రాత్రిపూట తీతువు అరిస్తే కీడు అని పెద్దవాళ్లు తలుపు వేసేసేవారు, అక్కడ అదే పిట్ట మనలాంటి మామూలు మనిషి.

ఖైదీల పలకలు చూసి మనసు బరువెక్కితే అమార్నా టైల్స్ చూడండి. ఆకుపచ్చ పలకకి గుంటలు చేసి, తెల్ల రేకులు పసుపు బొడ్డుతో చిన్న పూలు విడిగా చేసి ఆ గుంటల్లో పొదిగారు, మన గడ్డి చామంతుల్లా ఉంటాయి. నీళ్ల ఒడ్డున పొదలు, గంతులేసే దూడలు. ఆ ఇంట్లో గోడ పక్కన నడిస్తే తోటలో నడిచినట్టే.

భీమిలి_కొలిమి

ఆ రంగుల మీద ఒక్క ముక్క, ఎందుకంటే లక్ష్మి గారు చెప్పినవి ఒకే పలక మీద అన్ని రంగులు కలవకుండా నిలబెట్టడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది. పసుపు సీసం, యాంటిమనీ కలిపితే వచ్చేది, అది కొత్త రాజ్యం కాలంలోనే మొదలైంది. ముదురు నీలానికి కోబాల్ట్, నలుపుకీ వంకాయ రంగుకీ మాంగనీసు, ఎరుపుకి ఇనుము. మాంగనీసు అంటే మనకి పక్కనే, గరివిడి వైపు గనులున్నాయి, నేను ఆ రాయి పొడి కొట్టి వాడాను, వంకాయ రంగు చక్కగా వచ్చింది. కాని నీలం పక్కన పెడితే అంచు దగ్గర ఒకదాంట్లోకి ఒకటి పాకింది. వాళ్లు ఒక్కో ముక్క వేరే రంగు ముద్దతో చేసి గుంటలో పొదిగారు కాబట్టే ఆ అంచులు అంత తేటగా ఉన్నాయి. ఈ జనవరిలో ఒక్క చామంతి పువ్వు అయినా అలా పొదిగి చూస్తాను.

గాజువాక_శైలు

ఆలస్యం అయింది, అందరూ క్షమించాలి. మీ పోస్టులన్నీ నాన్నకి మూడు రాత్రిళ్లు కూర్చుని చదివి వినిపించా. మాష్టారు గారూ మీ నమస్కారం చెప్పాను, తిరిగి దండం పెట్టమన్నారు. చాప సంగతి విన్నాక అమ్మ లోపల్నుంచి వచ్చి కూర్చుంది, వాళ్ల ఊళ్లో అమ్మమ్మ తుంగ చాపలు నేసేదట, తాడు వరస సరిగ్గా కుదరకపోతే చాప మొత్తం వంకర పోతుంది అని చెప్పింది. ఆ మాట వినగానే నాన్న "అదే, తాడు పని అదే" అన్నారు. ఏంటి నాన్నా అంటే వెంటనే చెప్పలేదు.

నిన్న ఆదివారం పని లేదు. మేడ మీదకి పాత టైల్ ముక్కలు పట్టుకెళ్లి గ్రైండర్‌తో చిన్న చిన్నగా కోశారు, ఒక్కోదాని వెనకాల ఎం-సీల్‌తో దిమ్మ పెట్టి అది గట్టిపడకముందే మేకుతో బెజ్జం చేశారు. మొత్తం పద్దెనిమిది ముక్కలు. కొబ్బరి తాడు సన్నగా విడదీసి ఆరేసి గుచ్చి మూడు వరసలు చేశారు. మేడ మీద నీళ్ల ట్యాంకు గోడకి రెండు పక్కలా మేకులు కొట్టి వరస బిగించి కట్టి, వెనకాల పీఓపీ కూరారు. పక్కనే ఇంకో పద్దెనిమిది ముక్కలు దిమ్మా తాడూ లేకుండా ఉత్తి పీఓపీతో అతికించారు.

ఉత్తివి పెట్టినవి పీఓపీ గట్టిపడేలోపు జారిపోతుంటే ఒక్కోదాన్నీ పట్టుకుని నిలబడాల్సొచ్చింది, నేనూ అమ్మా చెరో చెయ్యి వేశాం, అయినా వరస కిందకి దిగిపోయింది. తాడు వరసలు మాత్రం ఎక్కడివక్కడ ఆగాయి, దారం కొట్టినట్టు తిన్నగా. నాన్న మాటల్లోనే రాస్తా, "గోడ నిలువు కదమ్మా, మనం స్పేసర్లు పెట్టి గమ్ము పెట్టి నానా తంటాలు పడతన్నాం. ఆళ్లు ముందు వరసని ఏలాడదీసేసేరు, తర్వాత తీరిగ్గా మెత్తేరు. పేస్టు ఊడినా తాడు ఒదల్దు, తాడు చివికినా అప్పటికి పేస్టు బిగిసిపోద్ది. ఒకటి పోతే ఇంకోటి." పెద్ద బిల్డింగులకి ఎలివేషన్ రాయి బిగించేటప్పుడు రాయి వెనకాల గాడి కొట్టి తీగ కట్టి తర్వాత మాలు పోస్తారు, అది కూడా ఇదే లెక్క అన్నారు, ఆ పని ఆయన కొత్తగా వచ్చింది అనుకున్నారట ఇన్నాళ్లూ.

కొలిమి గారూ, వెనక వైపు కింద పెట్టి ఆరబెడితే గరుకుగా మిగులుతుంది అన్నారు కదా, నాన్న ఒకటి అడగమన్నారు, వెనకాల దిమ్మ ఉంటే అది బల్ల మీద చదునుగా ఎలా కూర్చుంటుంది, దిమ్మ దిగడానికి ఇసకలో గుంట చేసేవారా, లేక దిమ్మ తర్వాత అంటించారా? మీకు కుదిరితే ఒకటి దిమ్మతో చేసి చూడండి, పలుగు పొడి ఖర్చు ఆయన ఇస్తానన్నారు. లక్ష్మి గారూ, ఈసారి మ్యూజియంకి వెళ్తే ఆ ఖైదీల పలకల్లో ఏదైనా పక్కనుంచి కనపడేలా పెట్టి ఉంటే వెనకాల ఎలా ఉందో ఒక ఫోటో తీసి పెట్టగలరా అండి. ట్యాంకు గోడ మీద తాడువీ ఉత్తివీ రెండు రకాలూ అలాగే ఉంచేశాం, ఈ వానలకి ఏది ముందు లేస్తుందో వచ్చి చెప్తా.